దోహా మారథాన్ పేరు చెప్పి నీళ్లు తాగించకండి

హైదరాబాద్ మారథాన్ దగ్గరపడితే చాలు, అదే మాట మళ్లీ మొదలవుతుంది: "దోహాలో అంతటి వాళ్లే నీళ్లు చాలక పడిపోయారట, మనం దారి పొడవునా తాగుతూనే ఉండాలి." 2019 ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల సంగతి అది. పడిపోయిన మాట నిజమే. నీళ్లు చాలకన్నది మాత్రం పుకారు.

అపోహ: ఎంత తాగితే అంత రక్షణ.

వాస్తవం: సెప్టెంబరు 27 అర్ధరాత్రి మహిళల పరుగు మొదలైనప్పుడు ఎండ లేకున్నా 32 డిగ్రీల వేడి, గాలిలో తేమ 70 శాతం పైన. 68 మందిలో గీత దాటింది 40 మందే. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అంత తేమలో ఆరదు, ఊరికే కారిపోతుంది. కడుపులో ఎన్ని నీళ్లు పోసినా చెమట ఆరదు కదా! వారం తర్వాత, అక్టోబరు 5 రాత్రి 11:59కి పురుషుల పరుగు. అప్పటికి వేడీ, తేమా రెండూ తగ్గాయి. లెలీసా డెసీసా 2:10:40లో గెలిచాడు, మన దేశపు రన్నర్ గోపి 2:15:57తో 21వ స్థానంలో నిలిచాడు.

డెసీసా వేగానికి 5 కిలోమీటర్లంటే పదిహేనున్నర నిమిషాలు. ఛాంపియన్‌షిప్‌లో సీసాల బల్లలు ఉండేది దాదాపు అంత దూరానికి ఒకటి. గంటకు నాలుగు సార్లు చెయ్యి చాచొచ్చు, ఆ పరుగులో లోపలికి పోయేది నాలుగు గుక్కలు. అయిదు గంటలు పట్టేవాళ్ల సంగతి వేరు. బల్ల కనపడిన ప్రతిచోటా ఆగి ఓ కప్పు, నడుముకు సొంత సీసా, మెల్లగా పోతారు కాబట్టి చెమటా తక్కువే. పైగా పరుగులో ఏడీహెచ్ హార్మోను పెరిగి మూత్రాన్ని ఆపేస్తుంది, తాగిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. ఇలా నీరు ఎక్కువై రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్స్ కిందికి జారితే దాన్నే హైపోనాట్రీమియా అంటారు. 2002 బోస్టన్ మారథాన్ ముగించినవాళ్లలో 488 మంది రక్తం చూస్తే 13 శాతం మందికి ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్లకు, నాలుగు గంటలు దాటినవాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది.

"మేం ఎలక్ట్రోలైట్ తాగుతాం కదా సార్?" స్పోర్ట్స్ డ్రింక్‌లో లీటరుకు సోడియం 20 మిల్లీమోల్స్ దరిదాపు, ఓఆర్ఎస్‌లో 75. రక్తంలో 140. అతిగా తాగితే అదీ పలచన చేసేదే.

మొదటిసారి దిగేవాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. దానికి మందు త్రాసు. రేసు వేగంతో గంట పరిగెత్తి, ముందూ వెనకా చెమట తుడుచుకుని బరువు చూసుకోండి. 60 కిలోలు 59.2 అయి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే మీ చెమట గంటకు 1.1 లీటరు. అదంతా పూడ్చాల్సిన పని లేదు, దాహానికి తాగితే సరిపోతుంది. ముగించాక బరువు పెరిగితే మాత్రం అతిగా తాగినట్టే.

ఉంగరం బిగుసుకోవడం, వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, వాంతి, మాట తడబడటం: ఇవి హైపోనాట్రీమియా లక్షణాలు కావచ్చు, కానీ కనపడగానే డీహైడ్రేషన్ అనేసి సెలైన్ పెట్టేస్తారు. సోడియం చూడకుండా మామూలు సెలైన్ ఎక్కించొద్దు. పరిస్థితి విషమిస్తే డాక్టరు ఇవ్వాల్సింది 3 శాతం ఉప్పుండే గాఢ సెలైన్, 100 మిల్లీలీటర్లు.

అపోహ: చెమట పడుతోందంటే వడదెబ్బ కాదు.

వాస్తవం: పరుగులో తగిలే వడదెబ్బకు ఒళ్లు తడిగానే ఉంటుంది. నుదుటికి గురిపెట్టే థర్మామీటరు గన్‌ను నమ్మొద్దు, మలద్వారంలోనే చూడాలి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడుతుంటే మెడ దాకా ఐసు నీళ్ల తొట్టిలో ముంచండి, 39 దరికి దిగాక తీయండి. అంబులెన్సులో తరలించడం ఆ తర్వాతే.

మిగతావి గబగబా. ఛాంపియన్‌షిప్ టైములు నెమ్మదని వెక్కిరించకండి. అక్కడ ముందు పరిగెత్తుతూ వేగం నిలబెట్టే పేసర్లు ఉండరు, అందరి కన్నూ పతకం మీదే. టోక్యో 2025 ప్రపంచ పోటీల్లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన సింబు, పెట్రోస్ ఇద్దరికీ 2:09:48, ఎవరు ముందో ఫొటో చూసి తేల్చారు. అనుకూలిస్తే వేగమూ వస్తుంది, యూజీన్ 2022 ప్రపంచ పోటీల్లో విజేత టోలా 2:05:36లో ముగించాడు.

ఇక "మారథాన్ 42.195 కిలోమీటర్లు, నా వాచీలో 42.6 వచ్చింది, కోర్సు తప్పు" అనేవాళ్లకు: కోర్సును సరిచూసిన సైకిలుతో, మలుపుల లోపలి అంచు వెంబడి కొలిచి, తక్కువ పడకుండా పైన వెయ్యికి ఒక వంతు కలుపుతారు. మీరు మలుపుల బయటి అంచున పరిగెత్తారు, అంతే.