పాలు పోయకముందు

చిరంజీవులు పెద్దాడికీ, చిట్టికీ తాతయ్య ఆశీస్సులు.

మీ బాబాయి గువాహటి నుంచి తెచ్చిన ఆకు టీ పొట్లాలు రెండూ బాగాలేవని, గడ్డి కాచిన నీళ్లలా ఉన్నాయని మీరు అన్నారట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎలా కాచారని అడిగాను. పాలూ నీళ్లూ సగం సగం పోసి, ఆకూ చక్కెరా అల్లం అన్నీ ఒకేసారి వేసి, మూడు పొంగులు వచ్చేదాకా మరిగించారట. టీ పొడి అయితే అలాగే కాచాలి, మీ నానమ్మ చేసేదీ అదే. కానీ ఆ ఆకును ఆ పని కోసం తయారు చెయ్యలేదు. మిగిలిన ఆకు పారేయొద్దని మీ అమ్మతో గట్టిగా చెప్పాను. దాన్ని ఏం చెయ్యాలో రాస్తున్నాను. టీ పొడి హోల్‌సేల్ కొట్లో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట వినండి.

మనం రోజూ వాడే పొడీ, ఆ ఆకూ ఒకే జాతి మొక్కవి. తేడా అంతా ఫ్యాక్టరీలో నలిపే తీరులో ఉంది. చిగురునూ దాని కింది రెండాకులనూ కోసి తెచ్చి, గంటల తరబడి గాలి తగిలేలా పరిచి వాడబెడతారు. వాడిన ఆకు విరగదు, వంగుతుంది. అప్పుడు యంత్రంలో వేసి మెలిపెడతారు. లోపలి కణాలు చిట్లి రసం బయటికొస్తుంది, దానికి గాలి తగిలి పచ్చరంగు రాగి రంగుకు తిరుగుతుంది. ఆకులోని ఒక ఎంజైము చేసే పని ఇది. కోసిన వంకాయ ముక్క నల్లబడేది కూడా అలాంటి ఎంజైము వల్లే. అందుకే మీ అమ్మ ముక్కల్ని ఉప్పునీళ్లలో వేస్తుంది. టీ ఫ్యాక్టరీలో మాత్రం నల్లబడనిచ్చి, సరిగ్గా కావలసిన చోట వేడి గాలితో ఎండబెట్టి ఆపేస్తారు. ఎప్పుడు ఆపాలో తెలియడమే అక్కడి పనితనం. ముందు ఆపితే పచ్చివాసన, ఆలస్యమైతే చప్పదనం.

ఈ పాత పద్ధతి పేరు ఆర్థొడాక్స్. 1930లో అస్సాంలోని అమ్‌గురి తోటలో విలియం మెకర్చర్ అనే ఆయన ఇంకో యంత్రం తెచ్చాడు. పళ్లున్న ఉక్కు రోలర్లు రెండు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే, వాటి మధ్య పడ్డ ఆకు నలిగి, చిరిగి, చిన్న గుళికలుగా చుట్టుకుపోతుంది. అదే సీటీసీ, అంటే క్రష్, టేర్, కర్ల్. మన దేశంలో తయారయ్యే టీలో చాలా భాగం ఇదే. గుళికలో కణాలన్నీ ముందే చితికిపోయి ఉంటాయి కాబట్టి నీళ్లలో పడగానే రంగూ వగరూ ఒక్కసారిగా దిగుతాయి. పాలు ఎంత పోసినా తట్టుకుంటుంది. ఇరానీ హోటల్ చాయ్‌కి అలాంటి పొడే కావాలి. మీ పొట్లంలోది చుట్టుకున్న ఆకు, నెమ్మదిగా విచ్చుకోవాలి. దాని అసలు సరుకు రంగులో కన్నా వాసనలో ఎక్కువ ఉంటుంది. మీరు మరిగించినప్పుడు ఆ వాసన ఆవిరితో పోయింది, చేదు గిన్నెలో మిగిలింది.

ఇక పొట్లాల సంగతి. ఒకటి అస్సాం, ఇంకొకటి డార్జిలింగ్.

అస్సాం మొక్క అక్కడి అడవిదే, పెద్దాకు రకం. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండు వ్యాపారి అక్కడికి వెళ్లేనాటికే సింగ్‌ఫో తెగవాళ్లు ఆ ఆకు వాడుతున్నారు. వాళ్ల నాయకుడు బీసా గామ్ చూపిస్తేనే ఆయనకు తెలిసింది. అయినా కనిపెట్టిన ఘనత బ్రూస్‌కే రాసేస్తారు, నాకది సుతరామూ నచ్చదు. 1839 జనవరిలో ఎనిమిది పెట్టెల అస్సాం టీ లండన్‌లో మొదటిసారి వేలానికి వెళ్లింది. ఆ తర్వాత తోటలు పెరిగి, కోసే మనుషులు చాలక, కూలీల ఏజెంట్లు ఛోటానాగపూర్ వైపు నుంచీ, మన గంజాం, విశాఖపట్నం వైపు నుంచీ జనాన్ని తరలించారు. ఎంతోమంది దారిలోనే పోయారు. అక్కడి తోటల్లో తెలుగు మూలాలున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

డార్జిలింగ్‌ది చైనా నుంచి వచ్చిన చిన్నాకు రకం, చలికి ఓర్చుకుంటుంది. 1841లో డాక్టర్ ఆర్చిబాల్డ్ కాంప్‌బెల్ తన పెరట్లో విత్తనాలు నాటడంతో అక్కడ టీ మొదలైంది. మన దేశంలో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, మొట్టమొదట దక్కింది కూడా దీనికే, 2004లో. మార్చి, ఏప్రిల్ కోతను ఫస్ట్ ఫ్లష్ అంటారు. లేత రంగు, పూల వాసన. మే, జూన్ కోత సెకండ్ ఫ్లష్. మీ పొట్లం మీద ఇదే రాసి ఉందని బాబాయి చెప్పాడు, అదృష్టవంతులు. పండిన ద్రాక్ష వాసన వస్తుంది దాంట్లో. ఆ వాసనలో పురుగుల పాత్ర కూడా ఉంది. మన పత్తి చేలల్లో రైతును ఏడిపించే పచ్చదోమకు దగ్గరి చుట్టం ఒకటి ఆ లేతాకుల రసం పీలుస్తుంది. దెబ్బతిన్న ఆకు తనను కాపాడుకోవడానికి కొన్ని సువాసన పదార్థాలు తయారు చేసుకుంటుంది. ఆ వాసనకే మనం డబ్బులిస్తాం.

పొట్లం మీద టీజీఎఫ్ఓపీ అని, అంటే టిప్పీ గోల్డెన్ ఫ్లవరీ ఆరెంజ్ పెకో అని, పొడుగాటి అక్షరాలు కనిపిస్తాయి. వాటిని చూసి బెదరొద్దు, మురిసిపోవద్దు. అవి ఆకు ఎంత పెద్దది, చిగుళ్లు ఎన్ని కలిశాయి అనే చెబుతాయి. రుచి గురించి హామీ ఏమీ ఇవ్వవు. అందులో ఆరెంజ్ అనే మాటకు నారింజ పండుతో పనిలేదు, చిట్టి అది వెతుక్కుంటుందని ముందే చెబుతున్నా.

మరి రుచి ఎలా తెలుస్తుంది? ఒక్క కప్పు తాగితే తెలియదు. ఎవరైనా టీ ఇచ్చి ఎలా ఉందంటే "బాగుంది" అంటాం, అంతే. రెండు కప్పులు పక్కపక్కన పెట్టుకుంటే అప్పుడు నాలుక నోరు విప్పుతుంది. మా కొట్లో కూడా శాంపిళ్లను ఎప్పుడూ వరసగా పెట్టే చూసేవాళ్లం.

దీనికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ఓ 3103. వంద మిల్లీలీటర్ల నీళ్లకు రెండు గ్రాముల ఆకు, మరిగే నీళ్లు, మూతపెట్టిన తెల్ల పింగాణీ కుండ, ఆరు నిమిషాలు. ఇది తాగడానికి కాదు, లోపాలు బయటపెట్టడానికి. ఆరు నిమిషాల్లో ఏ టీ అయినా తన గుణం దాచుకోలేదు. మీరు తాగడానికి అయితే రెండు వందల మిల్లీలీటర్లకు రెండు, రెండున్నర గ్రాములు చాలు. చెంచాలతో కొలవొద్దు. ఆకు ఉబ్బుగా ఉంటుంది, చెంచా నిండినట్టే ఉండి బరువుండదు. వంటింట్లో డిజిటల్ త్రాసు ఉందిగా, అది వాడండి.

నీళ్ల దగ్గరే సగం టీలు చెడిపోతాయి. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లతో చేస్తే కప్పు పైన సన్నటి తెట్టు కడుతుంది, గోధుమరంగు మరక అంచుకు అంటుకుంటుంది. అది ఆకు లోపం కాదు. నీళ్లలోని కాల్షియం, టీలోని పదార్థాలు గాలి తగిలి కలిసిపోతే వచ్చేది. ఒకసారి బోరు నీళ్లతో, ఒకసారి ఫిల్టర్ నీళ్లతో అదే ఆకు కాచి చూడండి, ఒకే పొట్లంలోవంటే నమ్మరు. నీళ్లు అప్పుడే పట్టినవై ఉండాలి. అస్సాంకు సలసల మరిగే నీళ్లు పొయ్యండి. డార్జిలింగ్‌కు మరిగాక పొయ్యి ఆపి, ఒక నిమిషం ఆగి పొయ్యండి. ఆకు మీద నీళ్లు పోసి మూతపెట్టాలి, పొయ్యి మీద మాత్రం పెట్టకూడదు. మూడు, నాలుగు నిమిషాలకు మొత్తం వడకట్టెయ్యాలి. ఆకును నీళ్లలోనే ఉంచి కొంచెం కొంచెం పోసుకుంటే ఆఖరి కప్పు నోట పెట్టలేరు.

మొదటి రోజు అస్సాం ఒక్కటే తీసుకోండి. మూడు గ్లాసులు, ఒకే బరువు ఆకు, ఒకే కొలత నీళ్లు. ఒకటి రెండు నిమిషాలకు, ఒకటి నాలుగుకు, ఒకటి ఆరుకు వడకట్టండి. పెద్దాడు టైము చూడాలి, చిట్టి కళ్లు మూసుకుని తాగాలి. తర్వాత మారండి. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. టైమూ నీళ్లూ రెండూ మారిస్తే దేని వల్ల తేడా వచ్చిందో తేలదు.

తాగేముందు వడకట్టిన తడి ఆకును వాసన చూడండి, వేడిగా ఉండగానే. కప్పులోని దానికన్నా అదే ఎక్కువ చెబుతుంది. తర్వాత చెంచాతో తీసుకుని, జుర్రుమని చప్పుడయ్యేలా పీల్చండి. మీ అమ్మ కసురుతుంది, తాతయ్య చెప్పాడనండి. గాలితో కలిసి లోపలికి వెళ్తే వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ఆ వాసనే, జలుబు చేసినప్పుడు పులుసు చప్పగా ఉండేది అందుకే. టీ రుచి చూసే ఉద్యోగులు చప్పరించి ఉమ్మేస్తారు, రోజుకు వందల కప్పులు చూడాలి మరి. మీరు మింగొచ్చు గానీ సాయంత్రం ఆరు దాటాక వద్దు, నిద్ర పట్టదు.

చేదునూ వగరునూ కలిపెయ్యకండి. చేదు నాలుక మీద తెలుస్తుంది, కెఫీన్ వాటా అందులో ఉంది. వగరు నోరంతా పట్టేస్తుంది, నేరేడు పండు తిన్నాక బుగ్గల లోపల బిగిసినట్టు. టీలోని పదార్థాలు మన ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టుకుంటే నోట్లో జారుడు తగ్గి అలా అనిపిస్తుంది. పాలు పోస్తే వగరు తగ్గుతుంది కదా, అది ఇందుకే. ఉమ్మిని వదిలేసి పాలల్లోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. మంచి అస్సాంలో వగరు చురుగ్గా వచ్చి త్వరగా పోవాలి, వెనక నుంచి మొలకెత్తిన రాగుల్ని వేయించిన వాసన లాంటి తీపి తగలాలి. వగరు పోకుండా నాలుకనే పట్టుకుని ఉంటే ఎక్కువసేపు ఉంచారన్నమాట.

ఇంకో తమాషా ఉంది. చిక్కటి అస్సాంను పాలు లేకుండా గాజు గ్లాసులో చల్లారనివ్వండి. తేటగా ఉన్నది మబ్బు పట్టినట్టు అవుతుంది. పాడయిందనుకుని పారబొయ్యొద్దు. కెఫీన్, ఎర్రరంగునిచ్చే పదార్థాలు చల్లదనానికి జతకట్టాయి, వేడి చేస్తే మళ్లీ తేటబడుతుంది. అలా మబ్బు పట్టడం మంచి సరుకు లక్షణమని మా కొట్లో అనేవాళ్లు. ఇంకో గ్లాసులో నిమ్మరసం పిండి చూడండి, రంగు కళ్లముందే లేతబడుతుంది.

ఇదంతా అయ్యాక అస్సాంలో పాలు పోసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, బాగానే ఉంటుంది. డార్జిలింగ్‌లో పోస్తే మాత్రం నాకు చెప్పకండి. పొట్లాలు విప్పాక గాలి చొరని స్టీలు డబ్బాలో పెట్టమని అమ్మకు చెప్పండి, గరంమసాలా డబ్బా పక్కన వద్దు. ఆకు ఏ వాసననైనా ఇట్టే పట్టేస్తుంది.

ఏ గ్లాసు నచ్చిందో ఇద్దరూ విడివిడిగా రాయండి, ఒకరిది ఒకరు చూడకుండా. "బాగుంది" అని రాస్తే ఒప్పుకోను. ఎంత చేదు, ఎంత వగరు, ఏ వాసన, మింగాక ఏం మిగిలింది, అన్నీ రాయాలి. ఇద్దరికీ కుదరకపోతే మరీ మంచిది, సంక్రాంతికి వచ్చినప్పుడు నా ముందే కాచి తేల్చుకుందురు గాని.

మీ తాతయ్య