ఏలూరు మేయర్ పీఠం: ఏడు ఊళ్లు కలిశాక మారిన లెక్క

ఏలూరు నగరపాలక సంస్థ పాలకవర్గానికి 2026 జులైతో ఐదేళ్లు నిండుతాయి. దాంతో మేయర్ పీఠం ఎవరికన్న చర్చ మళ్లీ మొదలైంది. కాలువకు చెరో వైపున్న వన్‌టౌన్ ఎటు, టూటౌన్ ఎటు అని లెక్కలు వేసేవాళ్లకు ఊళ్లో కొదవ లేదు. అసలు లెక్క మారింది మాత్రం ఊరి అంచుల్లో. 2021 ఎన్నికలకు ముందు శనివారపుపేట, సత్రంపాడు, తంగెళ్ళమూడి, కొమడవోలు సహా ఏడు పంచాయతీలను కార్పొరేషన్‌లో కలిపారు. ఆ సంగతి పట్టించుకోకుండా ఏలూరు రాజకీయం చెబితే సగమే చెప్పినట్టు.

ఈ ఊళ్లు ముందు నుంచీ ఏలూరు అసెంబ్లీ నియోజకవర్గంలోనివే. అంటే వీళ్లకు ఎమ్మెల్యే ఓటు పాతది, కార్పొరేటర్ ఓటు కొత్తది. వీధి వీధీ తెలిసిన ఓటర్లను ఎమ్మెల్యే స్థాయి నాయకులు కార్పొరేషన్‌లోకి తెచ్చుకున్నారని కూడా అనుకోవచ్చు. అప్పటి అధికారపక్షం వైసీపీ చెప్పిన కారణం వేరు: నగరం ఎలాగూ అటు పెరిగింది, కలిపితే నిధులొస్తాయి, రోడ్లూ డ్రైనేజీ బాగుపడతాయి. ఆ మాటలో నిజం లేకపోలేదు.

ఊళ్లవాళ్ల వైపు నుంచి చూస్తే సంగతి ఇంకోలా ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో చుట్టుపక్కల పంచాయతీలన్నీ సర్పంచుల్ని ఎన్నుకున్నాయి. ఈ ఏడు ఊళ్లకు ఆ ఓటు లేకుండా పోయింది. మార్చి 10న కార్పొరేటర్‌కు ఓటేయాల్సి ఉండగా, డివిజన్లవారీ ఓటర్ల జాబితాలో తప్పులు సరిదిద్దలేదన్న పిటిషన్ల మీద హైకోర్టు సింగిల్ జడ్జి రెండు రోజుల ముందు ఎన్నిక నిలిపేశారు. మర్నాడే డివిజన్ బెంచ్ పోలింగ్‌కు ఒప్పుకుంది గానీ ఓట్లు లెక్కించొద్దంది. మిగతా పట్టణాల ఫలితాలు మార్చి 14న వచ్చేశాయి. ఏలూరు బ్యాలెట్ పెట్టెలు మాత్రం సీలుతోనే ఉండిపోయాయి. మే నెలలో కోర్టు అనుమతిచ్చాక జులై 25న లెక్కించారు. ఓటేశాక కూడా నాలుగున్నర నెలలు సర్పంచూ లేడు, కార్పొరేటరూ లేడు. ఆస్తి విలువను బట్టి ఇంటి పన్ను వేసే కొత్త పద్ధతి మాత్రం ఆ ఏప్రిల్ నుంచే పట్టణాలన్నిట్లో అమల్లోకి వచ్చింది, ఏటా పెంపు 15 శాతం మించకూడదన్న పరిమితితో. చెత్త పన్ను ఆ తర్వాతి ముచ్చట.

ఫలితం ఏకపక్షం. 50 డివిజన్లలో వైసీపీకి 47, టీడీపీకి 3. పోలింగ్‌కు మూడు నెలల ముందే, 2020 డిసెంబరులో, వన్‌టౌన్‌లో దక్షిణపు వీధి, పడమర వీధి, కొబ్బరితోట వైపు జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ తేల్చింది. స్థానిక ఎమ్మెల్యే ఆళ్ల నానియే అప్పటి వైద్యారోగ్య మంత్రి. ఆ కోపం పెట్టెల్లో కనిపిస్తుందనుకున్నవాళ్లు ఉన్నారు. గెలిచిన డివిజన్ల సంఖ్యలో అయితే కనిపించలేదు. మేయర్‌ను నేరుగా ఎన్నుకునే పద్ధతి ఉంటే ఏ పేట ఎటు మొగ్గిందో కాస్త తెలిసేది. ఏలూరు 2005లో కార్పొరేషన్ అయ్యేనాటికి ఆ పద్ధతి పోయి, కార్పొరేటర్లే మేయర్‌ను ఎన్నుకునే పద్ధతి వచ్చింది.

అందుకే ఇక్కడ మేయర్ భవిష్యత్తు డివిజన్ల మ్యాపు మీద కంటే ఎమ్మెల్యే ఎవరన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడింది. షేక్ నూర్జహాన్ 2014లో టీడీపీ తరఫున మేయర్. అప్పుడు ఎమ్మెల్యే బడేటి బుజ్జి. 2019లో ఆమె వైసీపీలోకి వెళ్లారు. ఆ ఎన్నికలో ఆళ్ల నాని నాలుగు వేల పైచిలుకు ఓట్లతో బయటపడ్డారు, 2021లో ఆమే మళ్లీ మేయర్. 2024లో బుజ్జి సోదరుడు బడేటి చంటి 60 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు, ఆగస్టుకల్లా ఆమె తిరిగి టీడీపీలో ఉన్నారు. నానిది కూడా తర్వాత అదే దారి. ఎమ్మెల్యేలు మారినా మేయర్ ఒక్కరే. కాబట్టి 47–3 అన్నది ఇవాళ కౌన్సిల్ బలాబలాలకు ఏ రకంగానూ కొలమానం కాదు.

కాకినాడలో ఇదే నాటకం ఇంకో రకంగా నడిచింది. 2017లో 50కి 48 డివిజన్లకే పోలింగ్ జరిగింది, టీడీపీ 32 గెలిచింది. మేయర్ మీద నాలుగేళ్ల దాకా అవిశ్వాసం పెట్టకూడదన్న గడువు దాటగానే, 2021 అక్టోబరులో టీడీపీ మేయర్ సుంకర పావనిని దించి సుంకర శివప్రసన్నను మేయర్‌ను చేశారు. 2022 సెప్టెంబరులో ఆ పాలకవర్గం గడువు కూడా ముగిసింది. రాజమహేంద్రవరం సంగతి ఇంకా అన్యాయం. అక్కడ 2019 జులైలో పాలకవర్గం దిగిపోయాక పెత్తనం ప్రత్యేకాధికారి చేతికి వెళ్లింది. 2021లో ఏలూరులో ఓట్లు పడుతున్నప్పుడు ఆ ఊరికి పోలింగే లేదు.

ఏలూరులో ఈసారి పీఠం ఏ వర్గానికి రిజర్వ్ అవుతుందన్నది ఆశావహుల టెన్షన్. నియోజకవర్గ నేతలకు ఉన్న పని వేరు: 2021లో కోర్టుకెక్కిన అభ్యంతరం డివిజన్లవారీ జాబితా మీదే కాబట్టి, ముసాయిదా జాబితా బయటికి రాగానే సత్రంపాడు, శనివారపుపేట ఓటర్లు ఏ డివిజన్‌లో పడ్డారో ముందు చూసుకోవాలి.