గోదావరి కుర్రాళ్లు, సైన్యం: తెరుచుకుంటూ మూసుకుంటూ వచ్చిన తలుపు

అగ్నిపథ్ పథకం కింద అందరికంటే ముందు ఎంపికైన కుర్రాళ్లు 2022 చివర్లో, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లారు. వాళ్ల నాలుగేళ్ల గడువు తీరేది 2026 చివరి నుంచి. అందులో నూటికి పాతిక మంది వరకే సైన్యంలో కొనసాగుతారు, మిగతావాళ్లు ఇంటికి వస్తారు. ఈ లెక్క దేశమంతటికీ ఒకటే అయినా, తాడేపల్లిగూడెం పక్కనున్న మాధవరంలో దాని బరువు వేరు. చుట్టుపక్కల వాళ్లు మిలట్రీ మాధవరం అని పిలిచే ఆ ఊళ్లో సైన్యానికి మనిషిని పంపని ఇల్లు అరుదు.

అక్కడి వాళ్ల రక్తంలోనే సైన్యం ఉందని రాయడం మనకు అలవాటు. గౌరవంతోనే అంటారు గానీ, ఆ మాటతో నాకు పేచీ ఉంది. గోదావరి జిల్లాల మనిషి ఏ కాలంలో సిపాయి అయ్యాడు, ఏ కాలంలో కాలేకపోయాడు అని చూస్తూ పోతే, తేల్చింది ఎప్పుడూ పైనున్న ప్రభుత్వాల అవసరమే. ఇంటి దగ్గర నుంచి మనిషిని కదిలించింది ఆ ఇంటి అవసరం.

కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలో చందుర్తి అనే ఊరుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో కాండోర్ యుద్ధం అని రాసేది ఇక్కడ జరిగిందే. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను, అంటే గోదావరి జిల్లాలున్న ఈ తీరప్రాంతాన్ని, ఫ్రెంచివాళ్లకు అప్పగించాడు. విజయనగరం ఆనంద గజపతి రాజు వాళ్లకు ఎదురు తిరిగి, బెంగాల్లో ఉన్న ఇంగ్లీషు కంపెనీ అధికారి క్లైవ్‌కు కబురు పంపాడు. క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్, రాజు బలగంతో కలిసి 1758 డిసెంబరులో ఇక్కడికి వచ్చాడు. ఫోర్డ్ దగ్గర తెల్ల సైనికులు 500 లోపు, సిపాయిలు 2,000 లోపు. ఫ్రెంచి వైపు సిపాయిలే 6,000 దాకా ఉన్నారు. ఆ రోజు ఫోర్డ్ తెల్లదళం మనిషెత్తు చేను చాటున పడిపోయి కనిపించలేదు. ఎర్ర కోట్లు తొడుక్కున్న సిపాయిలను చూసి, వీళ్లే తెల్లవాళ్లనుకుని ఫ్రెంచి దళం వాళ్ల మీదికి వెళ్లింది. చేను వెనక నుంచి అసలు దళం బయటికి వచ్చేసరికి ఫ్రెంచివాళ్ల పని అయిపోయింది. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట కూడా ఇంగ్లీషు వాళ్ల చేతికి వచ్చింది. 1765లో మొగల్ చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, దాంతో సర్కారులు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సొత్తయ్యాయి. పరాయి కంపెనీలు రెండు మన చేలల్లో తేల్చుకున్న ఆ తగాదాలో, ఇటూ అటూ నిలబడి తుపాకీ పేల్చిన వాళ్లలో ఎక్కువమంది ఈ దేశం మనుషులే.

ఆ తర్వాత కంపెనీకి సిపాయిలు కావలసి వచ్చారు, తలుపు బాగా తెరుచుకుంది. సర్కారు జిల్లాల్లోనే పటాలాలు కట్టారు. సామర్లకోటలో 1786లో బారక్‌లు లేచాయి. దక్షిణాది నుంచి వచ్చిన సిపాయిలను చూసి ఉత్తరాదిలో కంపెనీ సిపాయి ఎవరైనా సరే ‘తెలంగా’ అనేవారంటే మనవాళ్లు ఎంత దూరం నడిచారో తెలుస్తుంది. అందరూ తలవంచి వెళ్లారనీ కాదు. హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడలెక్కి మద్రాసు వెళ్లమంటే, 1780 అక్టోబరులో విశాఖపట్నంలో సిపాయిలు తిరగబడి తమ అధికారుల మీదే కాల్పులు జరిపారు. 1857కు చాలా ముందటి సంగతి ఇది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఇంకా ఎక్కువ చోటు ఉండాలి.

1857లో మాత్రం కంపెనీ మద్రాసు సైన్యంలో ఉన్న 52 పదాతి రెజిమెంట్లలో ఒక్కటీ తిరగబడలేదు. అంత నమ్మకంగా ఉన్నవాళ్లకు దక్కింది ఏమిటో చూడండి. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని తీర్మానించాడు. చాలాకాలం శాంతిగా బతికి మెత్తబడిపోయారన్నది ఆయన వాదన. ఇంగ్లీషు వాళ్లకు అప్పుడున్న భయం వాయవ్య సరిహద్దు అవతల రష్యా గురించి. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు లాంటివాళ్లే యోధ జాతులనీ, మిగతావాళ్లు కాదనీ ఒక సిద్ధాంతం అల్లారు. మద్రాసు రెజిమెంట్లను ఒక్కొక్కటీ ఎత్తేశారు. తెలుగువాళ్ల రిక్రూట్‌మెంట్ దాదాపు ఆగిపోయింది. 1893 నాటికి సామర్లకోటలో కూడా సైన్యం ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఒక తరంలో మనుషుల రక్తం మారిపోదు కదా. మారింది రిక్రూటింగ్ ఆఫీసరు చేతిలో ఉన్న జాబితా.

అప్పటికి డెల్టా కూడా మారుతోంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ మద్రాసు ఇంజనీర్ల దళంలో అధికారి, బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. డెల్టా రైతు ఇంట్లో పటం కట్టి పెట్టుకున్న కాటన్ దొర ఒక సైనికుడన్న సంగతి చాలామందికి గుర్తుండదు. నీళ్లు వచ్చాయి, వరి వచ్చింది, భూమి ఉన్నవాడు నిలబడ్డాడు. లేనివాడు కాకినాడ రేవులో ఓడెక్కి రంగూన్ పోయాడు.

మాధవరం కథ ఇంకా పాతది. ఆరుగొలనులో కోట కట్టిన పూసపాటి మాధవ వర్మ తన సైనికులను ఇక్కడ ఉంచాడనీ, ఊరికి ఆయన పేరే వచ్చిందనీ స్థానికులు చెబుతారు. మొదటి ప్రపంచ యుద్ధానికి తమ ఊరి నుంచి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్లారన్నది వాళ్లు చెప్పే లెక్క. రావు బహదూర్ బిరుదు పొందిన సుబేదార్ వేంపల్లి వెంకటాచలం పేరు అక్కడ ఇప్పటికీ గర్వంగా తలుచుకుంటారు. ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి. మొదటి యుద్ధం అయ్యాక 1920లలో మద్రాస్ రెజిమెంట్‌ను రద్దు చేశారు. హిట్లర్, జపాన్ కలిసి మీద పడేసరికి యోధ జాతుల సిద్ధాంతం అటకెక్కింది, రెజిమెంట్ మళ్లీ లేచింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు వేశాయి. యుద్ధం కోసం తాడేపల్లిగూడెంలో రన్‌వే వేశారు. అప్పుడు పనికిరానివాళ్లంటూ ఎవరూ లేరు. దేశమంతటా 25 లక్షల మంది ఆ సైన్యంలో చేరారు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ అలవాటు నిలబడింది పింఛను మీద. అగ్నిపథ్‌కు ముందు చేరిన జవాను పదిహేనేళ్లు సర్వీసు చేస్తే పింఛను ఖాయం. పద్దెనిమిదేళ్లకు చేరినవాడు ముప్పై అయిదు దాటకముందే బయటికి వచ్చి బ్యాంకు గార్డుగానో, రైల్వేలోనో రెండో ఉద్యోగం చూసుకుంటాడు. అతను పోతే భార్యకు కుటుంబ పింఛను. డెల్టాలో కౌలు రైతు ఇంట్లో ఏడాది పొడవునా నెలనెలా వచ్చే అలాంటి డబ్బు అరుదు. తుఫాను వచ్చినా, ధాన్యం రేటు పడిపోయినా ఆ పింఛను ఆగదు. 2011లో కోనసీమ రైతులే గిట్టుబాటు కాక సాగు మానేసి క్రాప్ హాలిడే ప్రకటించారంటే, భూమి లేని ఇంటి సంగతి చెప్పనక్కర్లేదు. కొందరు గల్ఫ్ దారి పట్టారు, కొందరు తెల్లవారుజామున కాలువ గట్ల మీద సైన్యం ఎంపిక కోసం పరుగు ప్రాక్టీసు పట్టారు. 1,600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో. ఆ పరుగు వెనక దేశభక్తి లేదని నేను అనను. దేశభక్తి ఉంది, ఇంటి అప్పూ ఉంది, రెండూ నిజమే.

కోవిడ్‌తో రెండేళ్లు సైన్యం రిక్రూట్‌మెంట్ ర్యాలీలు ఆగాయి. ఎదురుచూస్తూ వయసు దాటిపోయిన కుర్రాళ్ల టెన్షన్ ఆ ఇళ్లకే తెలుసు. 2022 జూన్ 14న ప్రభుత్వం పాత పద్ధతి తీసేసి అగ్నిపథ్ ప్రకటించింది. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్లో నిరసన కాల్పుల దాకా వెళ్లి ఒక యువకుడు చనిపోయాడు. మొదటి ఏడాది జీతం నెలకు రూ. 30,000, నాలుగేళ్లయ్యాక సేవానిధి పేరుతో ఒకేసారి చేతికి వచ్చేది సుమారు రూ. 11.71 లక్షలు. సైన్యం సగటు వయసు తగ్గాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. సరిహద్దులో కొండలెక్కేది కుర్రాళ్లే కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేం. పింఛను ఖర్చు బడ్జెట్‌ను మింగుతోందన్న చర్చ కూడా కొత్తది కాదు. కానీ ఆ పొదుపు భారం చివరికి ఎవరి మీద పడుతుందో కూడా లెక్కలో రాయాలి. పడేది మాధవరం లాంటి ఊళ్ల మీదే.

నాలుగేళ్లకు తిరిగి వచ్చే కుర్రాడికి పింఛను లేదు, క్యాంటీన్ కార్డు లేదు, మాజీ సైనికులకు ఉండే వైద్య సౌకర్యం లేదు. పథకం నిబంధనల ప్రకారం మాజీ సైనికుడు అన్న హోదాయే లేదు. సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో పది శాతం రిజర్వేషన్ ఇస్తామని 2022లోనే చెప్పారు. ఆ ఉద్యోగాలు ఏ నెలలో, ఎంతమందికి, ఏ పరీక్షతో అన్నది ప్రతి కుర్రాడి చేతికీ కాగితం మీద అందాలి. రాష్ట్ర ప్రభుత్వం, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు వీళ్ల పేర్లు ఏ రిజిస్టరులో, ఏ హోదాతో రాస్తాయో కూడా మొదటి బ్యాచ్ తాడేపల్లిగూడెం స్టేషన్లో దిగేలోపు తేలాలి.