కంప్యూటర్‌లో కోతుల గుంపు: అపోహలు, వాస్తవాలు

జంతువుల గుంపుల్లో పెత్తనం ఎవరిది, ఎవరు మధ్యలో ఉంటారు, ఎవరు అంచున ఉంటారు అన్న విషయాలను కంప్యూటర్ సిమ్యులేషన్లతో, అంటే కొన్ని నియమాలిచ్చి తెరమీద నడిపే నకలు గుంపులతో, అధ్యయనం చేయడం నా పని. ఆ మాట చెప్పగానే ఎదురయ్యే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మీరు రాసిపెట్టిందే కదా కంప్యూటర్ తిరిగి చెప్పేది!

నేను ఎక్కువగా వినేది ఇదే. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన షార్లోట్ హెమెల్‌రైక్ తయారు చేసిన ‘డామ్‌వరల్డ్’ మోడల్ చూడండి. అందులో ఒక్కో జంతువుకు ఇచ్చిన నియమాలు కొన్నే. గుంపుకు దూరమైతే వెనక్కి రావాలి. మరీ దగ్గరికి ఎవరైనా వస్తే కలబడవచ్చు. గెలిస్తే తర్వాతి పోరులో గెలిచే అవకాశం పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. ఓడినది పారిపోతుంది. బలమైనవి మధ్యలో ఉండాలని ఎక్కడా రాయలేదు. అయినా కాసేపు నడిపితే పెత్తనం సంపాదించినవి మధ్యలో, ఓడుతూ వచ్చినవి అంచుల్లో తేలతాయి.

ఇంకో ఫలితం చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. మోడల్‌లో ఆడవి మగవాటికన్నా తక్కువ బలంతో మొదలవుతాయి. కానీ పోట్లాటలు తీవ్రంగా ఉండే గుంపులో మగవాటి వాటా పెరిగేకొద్దీ ఆడవాటి పెత్తనమూ పెరిగింది. మగవి ఎక్కువైతే వాటిలో అవే కలబడతాయి. అలా ఓడి ఓడి కుంగిన మగవాటిని ఆడవి ఓడించగలుగుతాయి. హెమెల్‌రైక్ బృందం 2008లో ఈ ఫలితాన్ని నిజమైన కోతి జాతుల సమాచారంతో పోల్చి చూస్తే, పోట్లాట తీవ్రంగా ఉండే జాతుల్లో ఇదే ధోరణి కనిపించింది.

అపోహ: పక్షుల గుంపుకు ఒక నాయకుడు ఉండి తీరాలి.

అక్కర్లేదు. పక్కవాటిని గుద్దుకోకుండా, అవి వెళ్లే దిక్కునే, వాటికి దగ్గరగా ఎగరడం: ఈ మూడు నియమాలతోనే కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు క్రెయిగ్ రెనాల్డ్స్ 1987లో తెరమీద పక్షుల గుంపును ఎగరేశారు. రోమ్ ఆకాశంలోని స్టార్లింగ్ పిట్టలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక్కో పిట్ట తన చుట్టూ ఉన్న ఆరేడు పిట్టలతోనే తన కదలికను సరిచూసుకుంటుంది.

అపోహ: తెరమీద బొమ్మ నిజంలా ఉంటే కారణం తెలిసిపోయినట్టే.

మా రంగంలో కొత్తగా చేరినవాళ్లు కూడా ఇక్కడే తొందరపడతారు. వేర్వేరు నియమాలు ఒకే రకం గుంపును ఇవ్వగలవు. మోడల్‌కూ నిజమైన గుంపుకూ పోలిక కుదిరిన రోజున నాకైతే సంతోషం కన్నా టెన్షనే ఎక్కువ. ఇంకే నియమంతో ఇదే రావచ్చో వెతకాలి కదా.

అపోహ: సిమ్యులేషన్ ఉంటే జంతువులను చూడక్కర్లేదు.

ఏ జంతువును ఎలా చూడాలో చెప్పేదే మోడల్. జవాబు మాత్రం జంతువుల దగ్గరే వెతకాలి. పుట్టుకతో వచ్చిన బలమే ఎవరి స్థానం ఏమిటో నిర్ణయిస్తుందా అన్న ప్రశ్నకు పరిశోధకుడు ఇవాన్ చేజ్, ఆయన సహచరులు సిక్లిడ్ అనే రకం చేపలతో ప్రయోగం చేసి 2002లో జవాబిచ్చారు. చేపలను కలిపి ఉంచి, పైచేయి వరుస ఏర్పడ్డాక విడదీసి, కొన్నాళ్లకు మళ్లీ అవే చేపలను కలిపారు. చాలా గుంపుల్లో వరుస మారిపోయింది. ఒంటి బలానికి పాత్ర లేదని కాదు, అదొక్కటే చాలలేదు.