పెంపుడు గెక్కోను చేతిలోకి తీసుకునే ముందు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో మా క్లినిక్‌కు ఒకప్పుడు బర్రెలు, మేకలు, కుక్కలే వచ్చేవి. ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాకు రంధ్రాలు పెట్టి లెపర్డ్ గెక్కోను, అంటే ఒంటి మీద చిరుత మచ్చలుండే పెంపుడు బల్లిని, తెచ్చే పిల్లలూ వస్తున్నారు, వాళ్ల వెనకే "బల్లిని సాదుకునుడేంది సారూ" అని మొత్తుకునే నాయనమ్మలూ వస్తున్నారు. నేను చూసే దెబ్బల్లో ఎక్కువ శాతం గెక్కో మనిషికి చేసినవి కావు, మనిషి పట్టుకునే తీరు వల్ల గెక్కోకు తగిలినవే.

అపోహ: బల్లి జాతి కదా, విషం ఉంటుంది.

ఉండదు. గెక్కోల్లో విషం ఉన్నది ఒక్కటీ లేదు. కాకపోతే చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న గెక్కో పేగుల్లో కూడా సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, అది మనకు విరేచనాలు, జ్వరం తెస్తుంది. కంచిలో బంగారు బల్లిని ముట్టుకుంటే దోషాలు పోతాయంటారు, ఇంట్లో బల్లిని ముట్టుకుంటే మాత్రం సబ్బే దిక్కు. 20 సెకన్లు రుద్ది కడగండి. దాని నీళ్ల గిన్నెను వంటింటి సింక్‌లో వేయకండి. ఐదేళ్లలోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు, గర్భిణులు అసలు ముట్టుకోకపోవడమే మేలు.

అపోహ: తోక తెగితే ఏముంది, మళ్లీ వస్తుంది.

వస్తుంది, కానీ ఆ తోక దానికి ఊరికే లేదు. తిండి దొరకని రోజుల కోసం కొవ్వు దాచుకునేది అందులోనే, తెగితే ఆ నిల్వంతా పోయినట్టే. కొత్తగా వచ్చేదాంట్లో ఎముక ఉండదు, మృదులాస్థి ఉంటుంది, పొట్టిగా ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంటుంది. క్రెస్టెడ్ గెక్కో అనే ఇంకో రకానికైతే మళ్లీ రానే రాదు. ఈమధ్య ఒకదాన్ని తెస్తే తెగిన చోట పసుపు దట్టంగా పట్టించి ఉంది, దానికి డబ్బాలో పరిచిన కొబ్బరి పొట్టు అతుక్కుని గట్టి పెచ్చు కట్టింది, కింద పుండు ఎలా ఉందో కనబడితే ఒట్టు. పసుపు వద్దు, మన ఆయింట్‌మెంట్లు వద్దు. రక్తం సాధారణంగా దానంతట అదే ఆగుతుంది. డబ్బాలో ఇసుక, పొట్టు తీసేసి తెల్ల టిష్యూ పరిచి రోజూ మార్చండి, బాగా మేపండి. వాపు, చీము కనిపిస్తే డాక్టర్‌కు చూపించండి.

అపోహ: పైనుంచి గబుక్కున పట్టేస్తే పారిపోదు.

పైనుంచి వచ్చేది ఏదైనా దాని లెక్కలో డేగే. తోక వదిలేసేది కూడా ఎక్కువగా అప్పుడే. అరచేతిని పక్కనుంచి, నేలకు ఆనించి దగ్గరికి పెట్టండి, అదే ఎక్కుతుంది. నాలుగు కాళ్లకూ ఆధారం దొరకాలి. మీరు కింద కూర్చోండి, ఎందుకంటే లెపర్డ్ గెక్కో వేళ్లకు ఇంటి బల్లికున్నట్టు గోడకు అతుక్కునే మెత్తలు ఉండవు, వట్టి గోళ్లే, నిలబడి ఎత్తుకున్నప్పుడు జారిందంటే నేరుగా నేల మీదికే. కాల్షియం తక్కువైనదైతే ఎముకలు ఇట్టే విరుగుతాయి. సాయంత్రం పూట పది పదిహేను నిమిషాలు చాలు. కొత్తగా తెచ్చినదాన్ని రెండు వారాలు ముట్టుకోనేవద్దు.

అపోహ: కళ్లు మూసుకుందంటే నిమిరింది నచ్చినట్టే.

లెపర్డ్ గెక్కోకు కనురెప్పలున్నాయి కాబట్టి మూసుకుంటుంది. ఒళ్లు కూడా బిగపట్టిందంటే అది హాయి కాదు, టెన్షన్. తోక పైకెత్తి మెల్లగా ఊపుతోందంటే దింపేయండి, తర్వాతిది కాటే. కరిచినా పెద్దగా ఏం కాదు, చెయ్యి మాత్రం విదిలించకండి, నేలకు ఆనిస్తే అదే వదిలేస్తుంది. టోకే గెక్కో అనే పెద్ద రకం సంగతి వేరు, అది కరిస్తే ఓ పట్టాన వదలదు, పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం, అమ్మడం నేరం.

అపోహ: కుబుసం విడుస్తుంటే మనం లాగి సాయం చేయాలి.

ఒళ్లు తెల్లగా పాలిపోయినప్పుడు చేతిలోకే తీసుకోకండి. వేళ్ల చివర కుబుసం ఉంగరంలా బిగుసుకుంటే వేలే పోవచ్చు, అందుకని గోరువెచ్చని నీళ్లలో, కాళ్లు మునిగేంత లోతులోనే, పది నిమిషాలు నిలబెట్టి, తడి కాటన్ బడ్‌తో మెల్లగా తీయండి. మే నెల వడగాడ్పులకు మన దగ్గర గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలిసిందే, డబ్బాలో ఒక మూల తడి టిష్యూ వేసిన చిన్న గూడు పెడితే చాలావరకు అదే విడుచుకుంటుంది, విడిచింది అదే తినేస్తుంది కూడా. తిననివ్వండి.