యూరియా పెరిగితే కిడ్నీలు పోయినట్టేనా?

రక్తపరీక్ష రిపోర్టు చేతికివ్వగానే మా ల్యాబు కౌంటర్ దగ్గర నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న: "మేడమ్, యూరియా 58 ఉంది, డయాలసిస్ దాకా పోతుందా?" ఆ ఒక్క అంకె చూసి పోతుందనీ చెప్పలేను, పోదనీ చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. పక్కింటాయన మాత్రం చెప్పేస్తాడు, అదే బాధ.

అపోహ: యూరియా పెరిగిందంటే కిడ్నీ దెబ్బతిన్నట్టే.

వాస్తవం: యూరియాను తయారు చేసేది లివర్. ప్రోటీన్లు విరిగినప్పుడు పుట్టే అమ్మోనియాను అది యూరియాగా మారిస్తే, కిడ్నీ బయటికి పంపుతుంది. తయారీ ఎక్కువైనా, పంపడం తగ్గినా అంకె పెరుగుతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిందనుకోండి. కిడ్నీ నీటిని ఆపుకునే ప్రయత్నంలో యూరియాను కూడా వెనక్కి లాక్కుంటుంది. కండరాల్లో పుట్టి కిడ్నీ ద్వారా బయటికి పోయే మరో వ్యర్థం, క్రియాటినిన్‌ను అలా లాక్కోదు. అందుకే యూరియా ఎగబాకుతుంది, క్రియాటినిన్ పెద్దగా కదలదు. తీవ్రమైన జ్వరం, స్టెరాయిడ్ మందులు, ప్రోటీన్ ఎక్కువగా తినడం కూడా యూరియాను పెంచుతాయి.

నన్ను నిజంగా భయపెట్టేది వేరే. కడుపులో రక్తస్రావమైతే పేగుల్లోకి చేరిన ఆ రక్తం కూడా ప్రోటీనే. అది జీర్ణమై యూరియాగా తేలుతుంది. క్రియాటినిన్ మామూలుగా ఉండి, యూరియా మాత్రం పెరిగి, విరేచనం తారులా నల్లగా అవుతుంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. "కిడ్నీ సమస్యేమో" అనుకుని పప్పు, గుడ్డు మానేసి ఇంట్లో కూర్చునేవాళ్లను చూశాను. ప్రోటీన్ మానడం డాక్టరు చెప్పి చేయించాల్సిన పని. సొంతంగా మానేస్తే కండ కరుగుతుంది, అసలు కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది.

దీనికి తిరగేసిన అపోహ కూడా ఉంది: క్రియాటినిన్ నార్మల్ అయితే కిడ్నీ భేష్ అని. కిడ్నీ వడపోత సామర్థ్యం సగం దాకా తగ్గినా క్రియాటినిన్ నార్మల్ పరిధిలోనే కనబడవచ్చు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా), మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా చూపించుకోవాలి.

ఇక బీయూఎన్ గొడవ. ఒకావిడ రెండు ల్యాబుల రిపోర్టులు పట్టుకుని వణికిపోతూ వచ్చారు. ఒకదాంట్లో 19, మర్నాటి దాంట్లో 41. ఒక్క రోజులో రెట్టింపు అయిందని రాత్రంతా నిద్రపోలేదట. మొదటిది బీయూఎన్, అంటే బ్లడ్ యూరియా నైట్రోజన్: యూరియాలోని నైట్రోజన్ బరువు మాత్రమే. రెండోది మొత్తం యూరియా. 60 గ్రాముల యూరియాలో నైట్రోజన్ 28 గ్రాములే కాబట్టి బీయూఎన్‌ను 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. 19ని గుణించి చూడండి, ఇంచుమించు 41. పైసా మార్పు లేదు! కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేసి చూపిస్తే గానీ ఆవిడ ముఖం తేటపడలేదు. రిపోర్టులో అంకె కంటే ముందు పరీక్ష పేరు, యూనిట్లు చదవండి.

మిగతావి గబగబా. యూరియా ఒక్కదానికే అయితే పరగడుపున రానవసరం లేదు. యూరియా తక్కువుంటే అంత మంచిదన్న మాటా తప్పే. గర్భిణుల్లో తగ్గడం సహజం, కానీ లివర్ బాగా దెబ్బతిన్నా తగ్గుతుంది. నీళ్లు ఎక్కువ తాగితే యూరియా కడుక్కుపోతుందన్న సలహా, కిడ్నీ జబ్బుతో ఒళ్లు వాచినవాళ్లకు ప్రమాదం. ఎరువుల యూరియా తిండిలోంచి రక్తంలోకి చేరుతోందన్న వాట్సాప్ మెసేజీ నాకు పంపకండి. పదార్థం ఒకటే, నిజమే. 1828లోనే జర్మన్ శాస్త్రవేత్త వోలర్ దాన్ని ల్యాబులో తయారుచేశాడు. కానీ మీ రిపోర్టులోది మీ లివర్ చేసిందే.

చివరిది మా ల్యాబుల వాళ్లకే. "షుగరుకి తీసిన గ్రే క్యాప్ ట్యూబు ఉందిగా, యూరియా కూడా అందులోనే చేసేయండి" అనకండి. యూరియాను అమ్మోనియాగా విరిచి కొలవడానికి వాడే యూరియేజ్ ఎంజైమును అందులోని ఫ్లోరైడ్ అడ్డుకుంటుంది. ఆ ఎంజైము పద్ధతిలో చేస్తే విలువ తప్పుగా తక్కువ వస్తుంది. అమ్మోనియం హెపారిన్ ట్యూబు అయితే తప్పుగా ఎక్కువ. మళ్లీ సూది గుచ్చాలంటే పేషెంటు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.