మార్కెట్ స్ట్రాటజిస్ట్ చేసే పని

రాయగడ

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

పెట్టుబడి సంస్థల్లో గ్లోబల్ మార్కెట్ స్ట్రాటజిస్టులు రోజంతా షేర్లు కొంటూ అమ్ముతూ ఉంటారా అని అడిగారు. కొనడం, అమ్మడం ఫండ్ మేనేజర్ల పని. జనం దాచుకున్న సొమ్ములో ఎంత వంతు షేర్లలో, ఎంత బాండ్లలో (అంటే ప్రభుత్వాలకో కంపెనీలకో వడ్డీకిచ్చిన అప్పు పత్రాల్లో), ఎంత బంగారంలో ఉండాలో, ఏ దేశానికి ఎక్కువ కేటాయించాలో ఆలోచించి, కారణాలతో సహా రాసి సంస్థ ముందు పెట్టడం స్ట్రాటజిస్టు బాధ్యత.

ముంబైలో ఈ పని చేసేవారు తెల్లవారగానే సాధారణంగా చూసేది అమెరికా ప్రభుత్వపు పదేళ్ల బాండు మీద రాబడి ఎంతకు చేరిందన్నది. ఆ తరువాత డాలరు, బ్రెంట్ ముడి చమురు, రాగి, అప్పటికే తెరుచుకున్న టోక్యో మార్కెట్టు. మన మార్కెట్ 9.15కి మొదలయ్యేలోగా ఒకటి రెండు పేజీల నోట్ అందరికీ చేరాలి. బాండుకు అంత పెద్దపీట ఎందుకంటే, అమెరికా ప్రభుత్వమే మంచి వడ్డీ ఇస్తున్నప్పుడు దూరదేశాల షేర్లలో డబ్బు పెట్టడానికి పెద్ద మదుపరులు వెనకాడతారు.

2022 సంగతే చూడండి. అమెరికాలో ద్రవ్యోల్బణం జూన్‌లో 9.1 శాతానికి చేరింది. ఆ ఏడాది మార్చిదాకా దాదాపు సున్నా దగ్గరున్న వడ్డీ రేటును అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు 2023 జూలైకల్లా 5.25–5.50 శాతానికి పెంచింది. డాలరు బలపడింది, విదేశీ మదుపరులు మన షేర్లు అమ్ముకున్నారు, డాలరు విలువ 80 రూపాయలు దాటింది. ఇక్కడా ధరలు పెరుగుతుండడంతో మన రిజర్వు బ్యాంకు, బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ అయిన రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. ఇంటి అప్పులున్న మన వీధివాళ్ల మీద కూడా ఆ భారం పడింది.

మనకు ఇంకా దగ్గరిది దామంజోడి. పంచపట్మాలి కొండ మీద తవ్విన బాక్సైటు అనే ఖనిజాన్ని ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో అక్కడ తెల్లటి అల్యూమినా పొడిగా మార్చి, కొంత అంగుల్‌లోని తన స్మెల్టరుకు (అల్యూమినాను కరెంటుతో అల్యూమినియంగా మార్చే కర్మాగారానికి), కొంత విశాఖ రేవు మీదుగా విదేశాలకు పంపుతుంది. అల్యూమినియం ధరకు ప్రమాణం మాత్రం లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్. ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా సరుకు ఆగిపోతుందన్న భయంతో 2022 మార్చిలో అక్కడ టన్ను ధర 4,000 డాలర్ల దాకా వెళ్లి, సెప్టెంబరు చివరికి 2,300 కిందికి దిగింది. పెరిగిన వడ్డీ రేట్లు, చైనాలో మందగించిన ఇళ్ల నిర్మాణం ధరను కిందికి లాగాయి. కరెంటు ఖర్చు భరించలేక యూరప్‌లో కొన్ని స్మెల్టర్లు ఉత్పత్తి తగ్గించుకోవడం పైకి లాగింది. ఏది ఎటు లాగుతోందో, ఏ లాగుడు ఎన్నాళ్లుంటుందో విడదీసి చెప్పగలగడంలోనే స్ట్రాటజిస్టు నేర్పు తెలుస్తుంది.

ఏటా నవంబరు, డిసెంబరుల్లో వచ్చే ఏటి అంచనాలు వెలువడతాయి. పత్రికలు వాటిలోంచి షేర్ల సూచీ ఎంతకు చేరుతుందన్న అంకెను పెద్దక్షరాలతో వేస్తాయి. నాకా అంకె మీద గురి లేదు. 2023లో అమెరికాకు మాంద్యం వస్తుందని చాలామంది రాశారు. అది రాలేదు సరికదా, అక్కడి పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 ఆ ఏడాది దాదాపు 24 శాతం పెరిగింది. అయినా మంచి నోట్లు చదవదగ్గవే, ఎందుకంటే నిరుద్యోగం పెరగకపోతే ఈ మాంద్యం అంచనా చెల్లదన్న తీరున వాటిలో షరతు కూడా ఉంటుంది. షరతు లేని జోస్యం టీవీలో వినడానికి బాగుంటుందేమో గానీ, దాన్ని నమ్మి ఎవరి పింఛను సొమ్మో పెట్టడం నాకు నచ్చదు.

ఈ దారిలో వెళ్లదలిస్తే బరంపురంలోనో విశాఖలోనో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదవవచ్చు. ఆపైన పెట్టుబడుల విశ్లేషణలో అర్హతనిచ్చే సీఎఫ్ఏ పరీక్ష మూడు దశల్లో ఉంటుంది. ఈలోగా రోజూ పేపర్లో రూపాయి, చమురు ధరలు చూసి, అవి ఎందుకు మారాయో మీకు తోచిన కారణం నాలుగు వాక్యాల్లో రాసి నాకు పంపండి.

మీ తాతయ్య